నేవీలో పనిచేసిన పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేయడం ఎలా: కాగితాల పెట్టె నుంచి చివరి కాపీ దాకా

1971 పాకిస్తాన్ యుద్ధం నాటికి పద్దెనిమిది, ఇరవై ఏళ్లున్న కుర్రాళ్లు ఇప్పుడు డెబ్బై దాటేశారు. ఉత్తరాంధ్రలో చాలా ఊళ్లలో "మా పెదనాన్న నేవీలో చేశాడు" అనేవాళ్లు ఒకరైనా తగులుతారు, కానీ ఆ పెదనాన్న ఏ ఓడ మీద ఉన్నాడు, అక్కడ ఏం పని చేసేవాడు అని అడిగితే ఇంట్లోవాళ్లకే సరిగ్గా తెలీదు. అడ్మిరల్స్ తమ జ్ఞాపకాలు రాసుకున్నారు, నౌకాదళం అధికారిక చరిత్ర సంపుటాలూ వచ్చాయి. బాయిలర్ రూమ్‌లో చెమటలు కక్కినవాడు, గ్యాలీలో వందలమందికి వండిపెట్టినవాడు, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని రాత్రంతా మోర్స్ సంకేతాలు విన్నవాడు ఏం చూశాడన్నది మాత్రం వాటిలో చాలా తక్కువ. అది వాళ్ల దగ్గరే ఉంది, మనం అడిగి పెట్టుకోకపోతే వాళ్లతోనే పోతుంది.

ఇది రాస్తున్నది చరిత్ర డిగ్రీ ఉన్నవాళ్ల కోసం కాదు. ఇంట్లోనో, వీధిలోనో ఒక మాజీ నావికుడు ఉండి, చేతిలో ఒక ఫోన్ ఉంటే చాలు. ఒక్క మాట మాత్రం ముందే చెప్తాను, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది: యుద్ధం గురించి అడగకండి, పని గురించి అడగండి. యుద్ధం దానంతట అదే వస్తుంది.

1. మనిషి దగ్గరికి వెళ్లేముందు కాగితాల దగ్గరికి వెళ్లండి

ప్రతి ఇంట్లోనూ ఒక ట్రంకు పెట్టో, బీరువా అడుగున ఒక ప్లాస్టిక్ కవరో ఉంటుంది. అందులో డిశ్చార్జి పుస్తకం, పెన్షన్ కాగితాలు, పాత గుర్తింపు కార్డు, ఒకటి రెండు గ్రూప్ ఫొటోలు, పతకాలు ఉంటాయి. పెద్దాయన అనుమతి తీసుకుని వాటిని ఒక్కొక్కటీ ఫొటో తీయండి, ఫొటోలకైతే వెనకవైపు కూడా, ఎందుకంటే తేదీలు, ఊళ్లు, పక్కన నిలబడినవాళ్ల పేర్లు అక్కడే రాసి ఉంటాయి. స్కానర్ దొరికితే పాత ఫొటోల్ని 600 డీపీఐలో స్కాన్ చేయండి, తర్వాత ముఖాలు పెద్దవి చేసి చూసుకోవచ్చు.

పతకాలు చాలా చెప్తాయి. 1971 యుద్ధానికి సంబంధించి పూర్వీ స్టార్ ఉంటే ఆయన తూర్పు రంగంలో ఉన్నట్టు, పశ్చిమీ స్టార్ ఉంటే పడమటి రంగంలో ఉన్నట్టు. సంగ్రామ్ మెడల్ ఒక్కటే ఉంటే ఆ రోజుల్లో సర్వీసులో ఉన్నారని అర్థం, కానీ ఆ రెండు రంగాల లెక్కలోకి రాకపోయి ఉండొచ్చు. పతకం అంచు మీద సన్నగా సర్వీసు నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి, వేలితో తడిమి వెలుతురులో వంచి చూడండి. "నేను కరాచీ దాడిలో ఉన్నాను" (అది పడమటి రంగం) అని ఇంట్లో అందరూ చెప్పుకునే మనిషి పెట్టెలో పూర్వీ స్టార్ కనపడితే కంగారు పడొద్దు, ఆయన ముందు పెట్టి నిలదీయనూ వద్దు. చాలాసార్లు ఆ కరాచీ మాట ఆయనది కాదు, పిల్లలు కలిపిందే అవుతుంది.

డిశ్చార్జి పుస్తకం పోయి ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి ఏ దరఖాస్తు పెట్టాలో అడగండి. నావికుల సర్వీసు రికార్డులు చూసేది ముంబై మాన్‌ఖుర్ద్‌లో ఉన్న బ్యూరో ఆఫ్ సెయిలర్స్. సర్వీసు నంబరు తెలిస్తే సగం పని అయినట్టే.

2. ఓడ పేరు ఒక్కటే చాలదు, సంవత్సరం కావాలి

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మన నౌకాదళంలో ఓడ రిటైర్ అయ్యాక దాని పేరు మళ్లీ కొత్త ఓడకు పెడతారు. విమాన వాహక నౌక విక్రాంత్ అంటే 1961లో బెల్‌ఫాస్ట్‌లో కమిషన్ అయి (అంటే సర్వీసులో చేరి) 1997 దాకా ఉన్నదీ విక్రాంతే, 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో కమిషన్ అయినదీ విక్రాంతే. రాజ్‌పుత్ అంటే 1971లో విశాఖ తీరంలో ఉన్న పాత డిస్ట్రాయర్ (ఒక రకం యుద్ధనౌక) ఒకటి, అది అసలు బ్రిటిష్ వాళ్ల రోథర్‌హామ్. 1980లో సోవియట్ యూనియన్ నుంచి వచ్చి 2021 మేలో విశాఖలోనే సెలవు తీసుకున్న రాజ్‌పుత్ వేరు. కల్వరి అనే జలాంతర్గామి 1967 డిసెంబరు 8న వచ్చింది, అదే పేరుతో మరొకటి 2017లో వచ్చింది. యుద్ధనౌక ఖుక్రీ కూడా అంతే, 1971లో మునిగిపోయింది ఒకటి, 1989 నుంచి 2021 దాకా నడిచింది ఇంకొకటి.

కాబట్టి ఇంటర్వ్యూకి ముందే ఒక తెల్లకాగితం మీద నిలువుగా సంవత్సరాలు వేసుకోండి, పక్కన ఓడ లేదా ఒడ్డున ఉన్న స్థావరం పేరు, ఆ పక్కన ర్యాంకు. ఒడ్డున ఉన్న స్థావరాలకీ ఓడలకి ఉన్నట్టే పేరు ముందు ఐఎన్‌ఎస్ (ఇండియన్ నేవల్ షిప్) అనే ఉంటుందని గుర్తుంచుకోండి. ఐఎన్‌ఎస్ సర్కార్స్ అంటే ఓడ కాదు, విశాఖలో ఉన్న స్థావరం. ఐఎన్‌ఎస్ శివాజీ లోనావాలాలో ఇంజనీరింగ్ నేర్పే చోటు, ఐఎన్‌ఎస్ వల్సురా జామ్‌నగర్‌లో ఎలక్ట్రికల్ వాళ్లది, ఐఎన్‌ఎస్ చిల్కా ఒడిశాలో కొత్త కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చేది, అది 1980లో మొదలైంది. "నేను శివాజీలో చేశాను" అని పెద్దాయన అంటే "ఏ సముద్రంలో తిరిగింది తాతా" అని అడిగితే ఆయనకు అప్పుడే అర్థమైపోతుంది మీరేమీ చదువుకోకుండా వచ్చారని.

ర్యాంకుల వరుస కూడా తెలిసి ఉండాలి: సీమన్, లీడింగ్, పెట్టీ ఆఫీసర్, చీఫ్ పెట్టీ ఆఫీసర్, ఆ పైన మాస్టర్ చీఫ్. ఏ బ్రాంచిలో చేశారన్నది అంతకంటే ముఖ్యం. స్టోకర్ (బాయిలర్లు చూసుకునేవాడు) చూసిన యుద్ధం వేరు, సిగ్నల్ వాళ్లు చూసిన యుద్ధం వేరు. స్టోకర్‌కి సముద్రమే కనపడదు, గంటల తరబడి కింద ఇనుప గదిలో ఉంటాడు, పైన ఏం జరుగుతోందో చప్పుళ్లని బట్టి ఊహించుకోవాల్సిందే.

3. ఆ రోజుల గురించి కొంచెం చదివి వెళ్లండి

వైస్ అడ్మిరల్ జి.ఎం. హీరానందాని సంకలనం చేసిన అధికారిక చరిత్ర సంపుటాలు మంచి ఆధారం. 1971 డిసెంబరు నాటి తెలుగు పత్రికలు ఏదైనా పాత లైబ్రరీలో దొరికితే తిరగేయండి. జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) వాళ్ల అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో పాత ఫైళ్ల జాబితాలు వెతకొచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో రాయల్ ఇండియన్ నేవీలో చేసి చనిపోయినవాళ్ల వివరాలు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ డేటాబేస్‌లో ఉంటాయి.

అంతా చదివేయక్కర్లేదు. ఆయన ఏ ఓడలో ఏ సంవత్సరం ఉన్నారో దాని ముందూ వెనకా రెండేళ్లు చాలు. ఉదాహరణకి 1971లో విక్రాంత్ మీద ఉన్నారంటే, ఒక బాయిలర్ పగుళ్లిచ్చి ఓడ పూర్తి వేగంతో వెళ్లలేని స్థితిలో ఉండేదనీ, దాన్ని అండమాన్ వైపు దాచి ఉంచారనీ, డిసెంబరు 4న దాని సీ హాక్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద దాడి చేశాయనీ మీకు తెలిసి ఉంటే చాలు. అప్పుడు "ఆ బాయిలర్ సంగతి మీ డెక్‌లో ఏమనుకునేవారు?" అని అడగగలరు. ఆ ఒక్క ప్రశ్నకి మనిషి ముఖం వెలుగుతుంది.

4. అనుమతి, రహస్యాలు

రికార్డర్ ఆన్ చేయకముందే మూడు విషయాలు స్పష్టంగా మాట్లాడుకోండి. ఈ రికార్డింగు ఎవరు వింటారు, పేరు పెట్టొచ్చా, ఆయన తర్వాత దీన్ని ఎవరికి ఇవ్వాలి. ఆ ఒప్పుకోలుని రికార్డింగు మొదట్లో ఆయన గొంతుతోనే చెప్పించండి, ఒక కాగితం మీద సంతకం కూడా తీసుకోండి.

అధికార రహస్యాల చట్టం 1923 నాటిది, రిటైరైనా వర్తిస్తుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న ఓడల సామర్థ్యం, సోనార్ (నీటి కింద శబ్దంతో వెతికే పరికరం), కోడ్‌లు, జలాంతర్గాములు ఎంత లోతుకి వెళ్తాయి లాంటివి అడగనే వద్దు, మాటల్లో వస్తే మీరే ఆపండి. 2021 జూన్‌లో రక్షణ శాఖ ఒక విధానం ప్రకటించింది, పాతికేళ్లు దాటిన రికార్డుల్ని పరిశీలించి జాతీయ అభిలేఖాగారానికి పంపాలని. దానర్థం పాతికేళ్ల కిందటి విషయమైతే ఏదైనా చెప్పేయొచ్చని కాదు. ఆయన "ఇది వద్దులే" అంటే అక్కడితో ఆపేయండి. పాత నావికుల్లో చాలామంది ఈ విషయంలో మనకంటే పట్టుదలగా ఉంటారు, దాన్ని గౌరవించాలి.

5. రికార్డింగు ఏర్పాట్లు

దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. రికార్డింగు యాప్‌లో వేవ్ ఫార్మాట్ ఉంటే అది ఎంచుకోండి, కాలర్‌కి పెట్టుకునే చిన్న మైకు కొనగలిగితే ఇంకా మంచిది. ఫోన్‌ని టేబుల్ మీద నేరుగా పెట్టకుండా మడిచిన తువ్వాలు మీద పెట్టండి, లేకపోతే గ్లాసు పెట్టిన ప్రతిసారీ టక్కుమని వినిపిస్తుంది. సీలింగ్ ఫ్యాన్ ఆపగలిగితే ఆపండి. విశాఖ ఎండాకాలంలో అది కుదరదు కాబట్టి ఉదయం తొందరగా మొదలుపెట్టండి. వంటింటి పక్క గది వద్దు, కుక్కర్ విజిల్‌కి మంచి మాట పోతుంది. రెండు నిమిషాలు రికార్డు చేసి విని చూసుకున్నాకే అసలు మాటలు మొదలుపెట్టండి.

ఒకసారికి గంట, గంటన్నర చాలు. డెబ్బై ఐదేళ్ల మనిషిని మూడు గంటలు కూర్చోబెడితే చివరి గంటలో ఆయన మీ కోసం మాట్లాడతారు తప్ప గుర్తు తెచ్చుకుని కాదు. ఇంకో రోజు మళ్లీ వెళ్లండి, ఎందుకంటే మీరు వెళ్లిపోయాక రాత్రి పడుకున్నప్పుడు ఆయనకి బోలెడు గుర్తొస్తాయి.

వినికిడి సమస్య ఉందేమో ముందే కనుక్కోండి. ఇంజన్ రూముల్లో, ఫిరంగుల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకి అది మామూలే. ఏ చెవి బాగా వినిపిస్తుందో అడిగి అటువైపు కూర్చోండి.

6. ప్రశ్నలు: అసలు పని ఇక్కడే

మా దూరపు బంధువు ఒకాయన స్టోకర్‌గా చేరి పెట్టీ ఆఫీసర్‌గా రిటైరయ్యారు. యుద్ధం గురించి చెప్పండి తాతగారూ అంటే "ఏటుంది బాబూ చెప్పడానికి, డ్యూటీ చేసినాం, వొచ్చేసినాం" అన్నారు. ఇంట్లోవాళ్లందరూ ఆ మాట వందసార్లు విన్నవాళ్లే. తర్వాత "వాచ్‌కి (అంటే డ్యూటీ వంతుకి) కిందకి దిగగానే మొదట ఏం చేసేవారు?" అని అడిగాను. ఆయన లేచి, మూల నిలబెట్టిన చీపురు తీసుకుని, దాని చివర భుజం మీది తువ్వాలు చుట్టి, గదిలో అటునుంచి ఇటు మెల్లగా నడవడం మొదలుపెట్టారు, చీపురు ముందుకి చాపి, గోడల వెంట పైకీ కిందకీ ఆడిస్తూ. బాయిలర్ నుంచి వచ్చే బాగా వేడెక్కిన ఆవిరి కంటికి కనపడదట, ఎక్కడో సన్నటి లీకు ఉంటే సుయ్యిమని చప్పుడు మాత్రమే వస్తుంది, చప్పుడు ఎటునుంచో ఆ రొదలో తెలీదు, తెలియకుండా చెయ్యి అడ్డం పెడితే చెయ్యి తెగిపోతుంది. అందుకని కర్రకి గుడ్డ కట్టి ముందు పెట్టుకుని వెతికేవారట. గుడ్డ చిరిగితే లీకు అక్కడ. ఆ తర్వాత ఆయన్ని ఆపడం మా తరం కాలేదు, ఉప్పు బిళ్లలు, నిమ్మకాయ నీళ్లు, గేజ్ గ్లాసులో నీటిమట్టం మీద నుంచి కన్ను తిప్పకుండా నిలబడటం, పైన ఫిరంగులు పేలితే కింద దుమ్ము రాలడం, అన్నీ వరసగా వచ్చాయి. యుద్ధం అందులోనే ఉంది.

చేతులకి గుర్తున్నది నోటికి వెంటనే రాదు. కాబట్టి ఇలాంటి ప్రశ్నలు వేయండి:

మీ పడక ఎక్కడ ఉండేది, పైన ఎవరు, కింద ఎవరు? హామక్ (వేలాడే గుడ్డ పడక) అయితే ఎలా కట్టేవారు, చూపించండి. ఉదయం నిద్ర లేపే విజిల్ ఎలా ఉండేది? మీ మెస్‌డెక్‌లో (నావికులు తిని పడుకునే చోటులో) ఎంతమంది, ఏయే రాష్ట్రాలవాళ్లు? అన్నం దొరికేదా, చపాతీ అలవాటు కావడానికి ఎన్నాళ్లు పట్టింది? సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు ఏం తినగలిగేవారు? స్నానానికి నీళ్లు ఎంత ఇచ్చేవారు? హిందీ ఎవరు నేర్పారు? మొదటి జీతం ఎంత, ఇంటికి మనియార్డర్ ఎంత పంపేవారు? మొదటిసారి సెలవు మీద ఊరికి వచ్చినప్పుడు ఏ రైలు, ఎక్కడ దిగారు, ఎవరు ఎదురొచ్చారు?

వాచ్‌ల గురించి తప్పకుండా అడగండి. ఓడ మీద రోజుని నాలుగేసి గంటల వాచ్‌లుగా విడగొడతారు, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది మధ్య మాత్రం రెండేసి గంటల చిన్న వాచ్‌లు రెండు, వాటిని డాగ్ వాచ్ అంటారు. దానివల్ల రోజుకి ఏడు వాచ్‌లు అవుతాయి, బేసి సంఖ్య కాబట్టి ప్రతి రాత్రీ ఒకే జట్టుకి అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా నిద్రలేమి పడదు. ఇది తెలిస్తే సమయాలు పట్టుకోవడం సులువు. "ఎప్పుడు జరిగింది" అంటే గుర్తు రాదు, "అప్పుడు మీరు ఏ వాచ్‌లో ఉన్నారు, అప్పుడే దిగొచ్చారా, దిగబోతున్నారా" అంటే గంట లెక్కన చెప్పేస్తారు.

అవును కాదు అనే జవాబు వచ్చే ప్రశ్నలు వద్దు. "భయమేసిందా?" అంటే "లేదు" అంటారు, ఆ తరం మగవాళ్లు ఇంకోలా అనరు. "ఆ రాత్రి మెస్‌డెక్‌లో ఎవరెవరు ఏం చేస్తూ ఉండేవారు?" అనండి. ఆయన ఆగితే మీరు ఆ ఖాళీ నింపకండి. పది సెకన్లు ఊరుకోవడం చాలా కష్టం, కానీ మంచి సంగతులు చాలావరకు ఆ పది సెకన్ల తర్వాతే వస్తాయి.

ఒక వస్తువు చేతికిస్తే ఇంకా బాగుంటుంది. తాడు ముక్క ఇవ్వండి, ముడులు వేసి చూపిస్తారు. జలాంతర్గామిలో చేసినవాళ్లయితే, ఆరోగ్యం సహకరిస్తే, ఆర్కే బీచ్‌లో ఉన్న కుర్‌సురా మ్యూజియానికి తీసుకెళ్లండి. అది 1969 డిసెంబరులో కమిషన్ అయి 2001 ఫిబ్రవరిలో రిటైరైన ఫాక్స్‌ట్రాట్ తరగతి జలాంతర్గామి, 91 మీటర్ల పొడవు, దాదాపు 75 మంది అందులో బతికేవారు. గది నుంచి గదికి గుండ్రటి ఇరుకు దారుల్లోంచి వంగి దాటాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టం, ఆయన వద్దంటే బలవంతం చేయొద్దు, లోపలి ఫొటోలు చూపించినా చాలు. సాధారణంగా సోమవారం సెలవు, ముందు కనుక్కుని వెళ్లండి. లోపల గైడ్లుగా కూడా రిటైరైన నేవీవాళ్లు కనిపిస్తారు, ఇద్దరు పాతవాళ్లు కలిసి మాట్లాడుకుంటుంటే మీరు రికార్డర్ పట్టుకుని నోరు మూసుకుని పక్కన నిలబడండి, అంతకంటే మంచి ఇంటర్వ్యూ మీరు చేయలేరు.

7. బరువైన చోట్లు

1971 డిసెంబరు 9 రాత్రి డయ్యూ తీరానికి దూరంగా పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ టార్పెడోతో ఖుక్రీ మునిగిపోయింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా సహా 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. ఆ ఓడ మీద స్నేహితుడో, బ్యాచ్‌మేటో ఉన్నవాళ్లు మీకు తగలొచ్చు. అలాంటి చోట వివరాల కోసం తవ్వొద్దు. ఆ స్నేహితుడు ఎలాంటివాడు, ఏ ఊరు, కలిసి ఎక్కడ తిరిగేవారు అని అడగండి, చావు గురించి చెప్పాలా వద్దా అన్నది ఆయనకే వదిలేయండి. "ఎంతమందిని చంపారు" అనే ప్రశ్న పిల్లలు సరదాగా అడుగుతుంటారు, ఆ గదిలో పిల్లలుంటే ముందే చెప్పి ఉంచండి.

కన్నీళ్లు వస్తే రికార్డర్ ఆపమంటారా అని మెల్లగా అడగండి. రికార్డింగు అయ్యాక వెంటనే సామాను సర్దుకుని లేవొద్దు, టీ తాగండి, మనవళ్ల చదువుల గురించి మాట్లాడండి, మనిషి ఈ రోజుల్లోకి తిరిగొచ్చాక బయల్దేరండి.

గొడవలు, అవమానాలు, శిక్షలు కూడా వస్తాయి, వాటినీ రికార్డు చేయాలి, దేశభక్తి పేరుతో కత్తిరించకూడదు. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ అనే ఒడ్డు స్థావరంలో మొదలైన నావికుల తిరుగుబాటుకి మొదటి కారణాల్లో తిండి బాగోకపోవడం, పై అధికారుల బూతు మాటలు ఉన్నాయి. అది కరాచీ, మద్రాసు, విశాఖ దాకా పాకింది. ఆనాటివాళ్లు ఇప్పుడు దాదాపు మిగల్లేదు, కానీ వాళ్ల పిల్లలకి ఇంట్లో విన్నవి గుర్తుంటాయి. వాళ్లనీ అడగండి, "మా నాన్న చెప్పగా విన్నది" అని స్పష్టంగా నమోదు చేయండి.

8. ఇంట్లో ఆడవాళ్లని వదిలేయకండి

చాలా రికార్డింగుల్లో లేనిది ఇదే, నాకు బాగా కోపం వచ్చేదీ ఇక్కడే. ఆయన నెలల తరబడి సముద్రంలో ఉంటే ఇల్లు, పొలం, అత్తమామలు, పిల్లల జ్వరాలు ఎవరు చూసుకున్నారు? నానమ్మని విడిగా, ఆయన లేని గదిలో కూర్చోబెట్టి అడగండి. ఆయన పక్కనుంటే "నాకేటి తెల్సు, ఆయన్నడుగు" అంటుంది. ఉత్తరాల మీద ఊరి పేరు బదులు ఫ్లీట్ మెయిల్ ఆఫీసు అడ్రసు ఉండేది, ఓడ ఎక్కడుందో ఇంట్లోవాళ్లకి తెలియకూడదు కాబట్టి. ఉత్తరం రావడానికి ఎన్నాళ్లు పట్టేది, ఎవరు చదివి వినిపించేవారు, రాయడం రాకపోతే ఎవరి చేత రాయించేది, అలాంటప్పుడు మనసులో మాట ఎలా రాయించేది, టెలిగ్రామ్ తెచ్చిన పోస్ట్‌మాన్ గుమ్మం దగ్గర నిలబడితే ఏమనిపించేది. 1971 డిసెంబరులో రేడియో ఎవరింట్లో ఉండేది, ఎవరెవరు చేరేవారు. ఈ ప్రశ్నలకి వచ్చే జవాబులు నౌకాదళ చరిత్రలో భాగమే, ఆ ఓడలు నడిచింది ఈ ఇళ్ల మీద కూడా.

9. సరిచూసుకోవడం: ఘాజీ ఉదాహరణగా

విశాఖలో ఏ పెద్దవాళ్లని కదిపినా ఘాజీ వస్తుంది. అందుకే ఎలా సరిచూసుకోవాలో దాని మీదే చెప్తాను.

ముందు అందరూ ఒప్పుకున్న సంగతులు పెట్టుకోండి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, అసలు అమెరికా వాళ్ల డయాబ్లో, 1964లో పాకిస్తాన్ చేతికి వచ్చింది. విక్రాంత్‌ని వెతుక్కుంటూ బంగాళాఖాతంలోకి వచ్చింది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ని దూరంగా పంపించి, పాత రాజ్‌పుత్ చేత విక్రాంత్‌లా నటింపజేశారు, విమాన వాహక నౌక ఉంటే ఎంత వైర్‌లెస్ సందడి ఉంటుందో అంత సందడి చేయించారు. 1971 డిసెంబరు 3-4 అర్ధరాత్రి దాటాక విశాఖ బయట పెద్ద పేలుడు, ఘాజీ 90 మందికి పైగా సిబ్బందితో మునిగిపోయింది. తర్వాత మత్స్యకారులకి సముద్రంలో శకలాలు దొరికాయి, నేవీ డైవర్లు దిగి చూశారు, డిసెంబరు 9న భారత్ ప్రకటించింది.

ఎందుకు మునిగింది అన్న దగ్గర రెండు కథనాలు ఉన్నాయి. మన నౌకాదళం చెప్పేది, రేవు నుంచి బయటికి వస్తున్న రాజ్‌పుత్ నీళ్లలో అలజడి చూసి డెప్త్ చార్జిలు (నీటి లోపల పేలే బాంబులు) వేసిందని. పాకిస్తాన్ చెప్పేది, ఘాజీ తను పరిచిన మైన్ (సముద్రపు మందుపాతర) మీదే పడిందని లేదా లోపలే పేలుడు జరిగిందని. మీరు రాసేటప్పుడు రెండూ పెట్టండి. మీ తాతగారి మాట ఈ రెండిట్లో ఏదో ఒకటి గెలిపించడానికి కాదు.

ఇప్పుడు ఆయన చెప్పినదాన్ని మూడు రంగుల పెన్నులతో గీయండి: తన కళ్లతో చూసింది ఒక రంగు, ఆ రోజుల్లో తోటివాళ్ల నోట విన్నది ఇంకో రంగు, తర్వాత చదివిందీ చూసిందీ మూడో రంగు. మూడోది చాలా ముఖ్యం. 2017లో వచ్చిన ఘాజీ సినిమాలో మన జలాంతర్గామి ఒకటి నీళ్లకింద ఘాజీతో పోరాడుతుంది. చరిత్రలో విశాఖ బయట ఉన్నది రాజ్‌పుత్, అది నీళ్ల మీద నడిచే ఓడ. సినిమా చూశాక పెద్దవాళ్ల జ్ఞాపకంలోకి ఆ దృశ్యాలు కలిసిపోవడం సహజం, మనిషి అబద్ధం చెప్తున్నట్టు కాదు. "ఇది మీకు అప్పుడే తెలుసా తాతా, తర్వాత తెలిసిందా?" అని ఒక్క ప్రశ్న వేస్తే ఆయనే విడగొట్టి చెప్తారు.

సమయం తేల్చుకోవడానికి మేకుల్లాంటి ఆనవాళ్లు కావాలి. ఆ అర్ధరాత్రి ప్రధాని ఇందిరా గాంధీ రేడియోలో మాట్లాడారు, చాలామంది ఆ ప్రసంగం కోసం మేలుకుని ఉన్నారు. "పేలుడు వినపడింది ప్రసంగానికి ముందా, మధ్యలోనా, అయ్యాకా?" అని అడగండి. అప్పుడు ఆయన ఎక్కడున్నారు, డాక్‌యార్డులోనా, ఓడ మీదా, ఇంట్లోనా? కిటికీలు ఏ వైపున ఉన్నాయి, అద్దాలు అదిరాయా? బ్లాకవుట్ ఉన్నప్పుడు ఆ వీధి ఎలా కనపడింది? ఒకే ప్రశ్నని వేరే ఇంట్లో వేరే మనిషిని అడిగి పక్కపక్కన పెట్టుకోండి. ఇద్దరి మాటలూ అక్షరాలా ఒకేలా ఉంటే ఇద్దరూ ఒకచోట విన్నదేమో చూడాలి, చిన్న తేడాలుంటేనే నాకు ఎక్కువ నమ్మకం.

ఇంకా పాత సంగతులు వస్తే రెండు తేదీలు గుర్తుంచుకోండి. జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. జపాన్ జలాంతర్గామి ఆర్ఓ-110ని విశాఖ తీరానికి దూరంగా మన జమునా, రెండు ఆస్ట్రేలియా ఓడలు కలిసి ముంచింది 1944 ఫిబ్రవరి 11న. పెద్దవాళ్ల మాటల్లో జపాన్ సబ్‌మెరైనూ, ఘాజీ కలిసిపోతే ఏది ఏదో తేల్చుకోవడానికి పనికొస్తాయి.

తప్పు దొరికితే ఆయన మాట మార్చేయకండి. మాట అలాగే ఉంచి, కింద మీ గమనికగా "అధికారిక చరిత్ర ప్రకారం తేదీ ఇది" అని రాయండి.

10. రాసుకోవడం, దాచిపెట్టడం

ఫోన్ వాయిస్ టైపింగు మొదటి చిత్తుకి పనికొస్తుంది, కానీ ఓడల పేర్లూ నేవీ మాటలూ అన్నీ తప్పుగా పడతాయి, మళ్లీ విని దిద్దాలి. గంట మాటలకి నాలుగైదు గంటల పని అనుకోండి. యాసని దిద్దకండి. "చేసినాం", "వొచ్చినాం" అన్న మనిషి చేత "చేశాము, వచ్చాము" అనిపిస్తే ఆ గొంతు పోతుంది. మధ్యలో దొర్లే హిందీ, ఇంగ్లిష్ మాటలు అలాగే ఉంచండి.

రాసింది పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి ఆయన చేతికిచ్చి చదివించండి, లేదా చదివి వినిపించండి. వద్దన్న పేరాలు తీసేయండి, వాదించొద్దు. ఈ రెండో సారి కూర్చున్నప్పుడు కూడా రికార్డర్ ఆన్‌లో ఉంచండి, "ఇది కాదు బాబూ, ఇలా జరిగింది" అంటూ మొదటిసారి చెప్పనివి చాలా చెప్తారు.

ఫైలు పేరులో తేదీ, మనిషి పేరు, ఓడ, ఎన్నో భాగం ఉండాలి, "కొత్త రికార్డింగ్ 7" అని వదిలేస్తే రెండేళ్ల తర్వాత మీకే తెలీదు. మూడు కాపీలు చేయండి: ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి విడిగా హార్డ్ డిస్క్‌లో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గరో క్లౌడ్‌లోనో. అన్నీ ఒకే ఇంట్లో పెట్టొద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదుగా వెళ్లింది, తీరంలో ఉండేవాళ్లకి ఈ మాట వివరించక్కర్లేదు. వాట్సాప్‌లో పంపినదాన్ని కాపీగా లెక్కపెట్టకండి, ఫొటోలు అలా పంపితే నాణ్యత తగ్గిపోతుంది.

కుటుంబం బయటికి ఇవ్వడానికి ఆయన ఒప్పుకుంటే మీ దగ్గర్లోని విశ్వవిద్యాలయ చరిత్ర విభాగాన్ని, ముంబైలో ఉన్న మారిటైమ్ హిస్టరీ సొసైటీని అడిగి చూడొచ్చు. ఇచ్చేటప్పుడు ఆడియో, రాసిన ప్రతి, ఫొటోలు, మీ గమనికలు, ఆయన సంతకం పెట్టిన ఒప్పుకోలు కాగితం అన్నీ కలిపి ఇవ్వండి. పతకాలు, డిశ్చార్జి పుస్తకం మాత్రం అసలువి ఎవరికీ ఇవ్వొద్దు, స్కాన్‌లు ఇచ్చి అసలువి ఆ ఇంట్లోనే ఉంచండి, పెన్షన్ పనులకి కుటుంబానికి అవి ఎప్పుడైనా అవసరం పడతాయి.